ఇచ్చిన మాటకు ఒక జాబితా: సేవా సంఘాల కోసం ఒక చిన్న పాఠం

 

ఏ సేవా సంఘమైనా రెండింటి మీద నడుస్తుంది. ఒకటి దాత ఇచ్చే ధనం, రెండోది కార్యకర్త ఇచ్చే మాట. ధనానికి రసీదు ఉంది, ఖాతా పుస్తకం ఉంది, ఏడాది చివర ఆడిట్ ఉంది. మాటకు ఏముంది? "నెలాఖరులోగా పాప ఫీజు కట్టేస్తాం", "వచ్చే జుమాకి మందుల సంగతి చూస్తాం", "డాక్టరు గారితో మాట్లాడి ఫోను చేస్తాం" అని మసీదు మెట్ల దగ్గర, వలీమా విందులో, బస్టాండులో చెబుతూ ఉంటాం. చెప్పే మనిషి మనస్ఫూర్తిగానే చెబుతాడు. ఇంటికి వెళ్లేసరికి దుకాణం లెక్కలు, పిల్లల పరీక్షలు, బంధువుల పెళ్లి ఆ మాటను కిందికి నెట్టేస్తాయి.

విన్నవారు మాత్రం మరచిపోరు. నెలాఖరు దాకా ఎదురు చూస్తారు. ఆత్మాభిమానం ఉన్న పేదవాడు రెండోసారి అడగడు. మన మరపుకు మూల్యం చెల్లించేది మనం కాదు, ఆయన. అందుకే ఈ సంచికలో ఒక చిన్న పనిముట్టు గురించి పాఠంగా రాస్తున్నాము. అది సెల్‌ఫోనులో, కంప్యూటరులో పనిచేసే ఆన్‌లైన్ పనుల జాబితా. దాన్ని మన జకాత్, సదఖా, చదువు, వైద్య సహాయ పనులకు ఎలా వాడుకోవచ్చో, ఎక్కడ జాగ్రత్త పడాలో వరుసగా చూద్దాం.

రాసుకోవడం మనకు కొత్త కాదు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు ఏది అంటే చాలామంది ఆయతుల్ కుర్సీ అనుకుంటారు. అది కాదు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. దాని విషయం అప్పు పత్రం. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దాన్ని రాసుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని, సాక్షులను పెట్టుకోవాలని అల్లాహ్ అందులో ఆదేశించాడు. మనుషుల మధ్య నమ్మకం ఎంత ఉన్నా, గడువు ఉన్న విషయాన్ని జ్ఞాపకానికి వదిలేయవద్దన్నది ఆ ఆయతు నేర్పే క్రమశిక్షణ.

వీలునామా విషయంలోనూ అంతే. వసీయతు చేయవలసింది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాతపూర్వకంగా తన దగ్గర లేకుండా రెండు రాత్రులు గడపడం తగదని ప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్టు ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖనం. అది బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. రెండవ ఖలీఫా ఉమర్ (రజి) దీవాన్ అనే నమోదు పుస్తకాన్ని ఏర్పాటు చేసి, ఎవరికి ఎంత భృతి అందాలో పేర్లతో రాయించారు. పెద్ద మనసుతో పాటు పెద్ద పుస్తకం కూడా అవసరమని ఆనాడే గుర్తించారన్నమాట.

అల్ కహఫ్ సూరా 23, 24 ఆయతులు మరో మాట నేర్పుతాయి. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అనే మాట చేర్చాలి. మరచిపోతే ప్రభువును స్మరించుకోవాలి. "ఇన్షా అల్లాహ్" అన్న మాట మన నోట ఎప్పుడూ ఉంటుంది. కాని దాన్ని పని తప్పించుకునే మాటగా వాడే అలవాటు కూడా మనలో వచ్చింది. నిజానికి అది సంకల్పం చెప్పే మాట. సంకల్పం ఉన్నవాడు తేదీ రాసుకుంటాడు.

ఈ జాబితా అంటే ఏమిటి?

మన ఇళ్లలో గోడకు వేలాడే వెంకట్రామా కేలండరు చూడండి. పాలు రాని రోజున సున్నా, గ్యాస్ బండ వచ్చిన రోజున ఒక గుర్తు, కరెంటు బిల్లు కట్టిన తేదీ అన్నీ అందులోనే. ఆన్‌లైన్ జాబితా ఆ కేలండరుకు తమ్ముడే. తేడాలు మూడు. అది మీతోపాటు జేబులో తిరుగుతుంది. సమయానికి గంట మోగించి తానే గుర్తు చేస్తుంది. ఒకే జాబితాను శ్రీకాకుళంలో ఒకరు, విజయనగరంలో ఒకరు, ఇచ్ఛాపురంలో ఒకరు ఒకేసారి చూడవచ్చు.

ఇటువంటి సేవలు ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. 2005లో ఆస్ట్రేలియాలో మొదలైన ఒక సేవ పేరే 'రిమెంబర్ ది మిల్క్', అంటే పాల సంగతి మరవకండి అని. 2007లో టోడోయిస్ట్ వచ్చింది. దాన్ని తయారుచేసిన అమీర్ సాలిహెఫెండిచ్ బోస్నియాలో పుట్టి, అక్కడి యుద్ధ కాలంలో కుటుంబంతో డెన్మార్క్ చేరి పెరిగినవాడు. విద్యార్థిగా ఉండగా తన పనులు తాను చక్కబెట్టుకోవడానికి రాసుకున్న ప్రోగ్రామే తరువాత ప్రపంచమంతా వాడే సేవ అయింది. గూగుల్ వారిది గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ వారిది మైక్రోసాఫ్ట్ టు డూ.

ఏది వాడాలి? సొంత పనులకు గూగుల్ టాస్క్స్ చాలు. జీమెయిల్ ఉన్నవారికి వేరే ఖాతా అక్కర్లేదు. నలుగురు కలిసి ఒక జాబితా నడపాలంటే మైక్రోసాఫ్ట్ టు డూ లేదా టోడోయిస్ట్ అనువుగా ఉంటాయి. మొదటిది ఉచితం. రెండోదానిలో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. పని పేరును తెలుగులో రాసుకోవచ్చు. టైపు చేయడం కష్టమైన పెద్దలు కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెబితే ఫోనే రాసుకుంటుంది. ఏ సేవ అన్నది రెండో సంగతి. ఎలా రాస్తాం అన్నది మొదటి సంగతి.

పనిని రాసే పద్ధతి

"రహమత్ నగర్ కుటుంబం సంగతి" అని రాసుకుంటే అది పని కాదు, బెంగ. రేపు చూసుకుంటే అందులో ఏం చేయాలో మనకే తెలియదు. పని అంటే నాలుగు భాగాలు ఉండాలి: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి, అయిందని ఎలా తెలుస్తుంది.

అదే పనిని ఇలా రాద్దాం: "కుటుంబం 14 - రెండో అమ్మాయి ఇంటర్ ఫీజు కాలేజీలో కట్టి రసీదు తేవాలి." బాధ్యత: కోశాధికారి. గడువు: 20వ తేదీ. గుర్తుచేసే గంట: 17వ తేదీ ఉదయం 10. ఇక్కడ రసీదు చేతికి వచ్చినప్పుడే పని అయినట్టు. "ఫీజు విషయం మాట్లాడాం" అంటే పని కాలేదు.

గడువు వేరు, గంట వేరు అన్నది గమనించండి. గడువు రోజునే గంట మోగితే ఉపయోగం లేదు. ఆ రోజు ఆదివారం కావచ్చు, బ్యాంకు సెలవు కావచ్చు. డబ్బు కూర్చవలసిన పనికి పది రోజుల ముందు, కాగితాలు తేవలసిన పనికి రెండు వారాల ముందు, కేవలం ఫోను చేయవలసిన పనికి ఒక్క రోజు ముందు గంట పెట్టుకుంటే సరిపోతుంది.

బాధ్యత దగ్గర "కమిటీ" అని రాయకండి. కమిటీకి ఫోను లేదు, చెవులు లేవు. ఒక పనికి ఒకే పేరు ఉండాలి. ఆయన మరో నలుగురి సహాయం తీసుకోవచ్చు. జవాబు చెప్పేది మాత్రం ఒక్కరే.

ఇంకొక మాట. ప్రతిదానికీ గంట పెడితే ఫోను రోజంతా మోగుతుంది. నాలుగు రోజుల్లో దాన్ని వినడం మానేస్తాం. అవతల ఒక మనిషి ఎదురు చూస్తున్న పనికి, ప్రభుత్వం పెట్టిన గడువు ఉన్న పనికి మాత్రమే గంట పెట్టండి. మిగతావి జాబితాలో ఉంటే చాలు.

మళ్లీ మళ్లీ వచ్చే పనులు

మన సేవలో ఎక్కువ భాగం ఒకసారి చేసి వదిలేసేవి కావు. అక్కడే ఈ సాధనం విలువ తెలుస్తుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది డయాలసిస్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపున కిడ్నీ జబ్బు ఎంత మందిని పీడిస్తోందో మనకు తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. వైద్యం దగ్గరకు వచ్చింది. కాని డయాలసిస్ మీద ఉన్న మనిషి సాధారణంగా వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుకోవాలి. వెళ్లిరావడానికి ఆటో, తోడుగా ఒక మనిషి, ఆ మనిషికి పోయే కూలి, ఇవన్నీ ఆసుపత్రి బిల్లులో కనబడని ఖర్చులు. ఒక దాత ఆటో ఖర్చు భరిస్తానంటే ఆ పని జాబితాలో "ప్రతి సోమ, బుధ, శుక్రవారాలు" అని తిరిగి వచ్చేలా పెట్టాలి. ఒక్కసారి తప్పితే రోగి ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి అందదు. ఇక్కడ మరపు మర్యాదకు సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది.

రెండోది రక్తదానం. మన దేశంలోని నిబంధనల ప్రకారం ఒకసారి రక్తం ఇచ్చిన పురుషుడు 90 రోజులు, స్త్రీ 120 రోజులు ఆగాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. తిరిగి వచ్చే పనిని యాప్‌లు రెండు విధాలుగా లెక్కిస్తాయి. ఒకటి పాత గడువు నుంచి, రెండోది పని నిజంగా పూర్తయిన రోజు నుంచి. యువకుడు గడువు దాటిన ఇరవై రోజులకు రక్తం ఇచ్చాడనుకుందాం. పాత గడువు నుంచి లెక్కిస్తే 70 రోజులకే గంట మోగుతుంది, అది తప్పు. రక్తదానం వంటివాటికి పూర్తయిన రోజు నుంచి లెక్క రావాలి. టోడోయిస్ట్‌లో ఇంగ్లీషులో 'ఎవ్రీ' అన్న మాట పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే ఈ రెండో లెక్క పడుతుంది. ఆ సౌకర్యం లేని యాప్‌లో పని ముగించినప్పుడే కొత్త తేదీ చేత్తో వేసుకోవాలి.

మూడోది, దాతలందరూ శ్రద్ధగా చదవవలసినది, జకాత్ తేదీ. నిసాబు స్థాయి ధనం మన దగ్గర ఒక చాంద్రమాన సంవత్సరం ఉంటే జకాత్ విధి అవుతుంది. చాంద్రమాన సంవత్సరం 354 లేదా 355 రోజులు. ఫోనులోని "ప్రతి సంవత్సరం" అనే లెక్క 365 రోజులది. మన దేశంలో రమజాన్ మొదటి ఉపవాసం 2023లో మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న వచ్చింది. ఒక దాత 2023 మార్చి 24న జకాత్ తేదీ పెట్టుకుని "ప్రతి సంవత్సరం" అని నొక్కి వదిలేస్తే, 2025లో ఆయన ఫోను 22 రోజులు ఆలస్యంగా మోగుతుంది. ఏడేళ్లు గడిచేసరికి రెండు నెలలకు పైగా తేడా వస్తుంది. 33 సౌర సంవత్సరాల్లో 34 చాంద్రమాన సంవత్సరాలు జరిగిపోతాయి. అంటే జీవితకాలంలో ఒక పూర్తి సంవత్సరపు జకాత్, అది అందవలసిన పేదల హక్కు, ఎవరి దృష్టికీ రాకుండా జారిపోతుంది. ఎవరూ దొంగిలించలేదు. గంట తప్పుగా పెట్టారు, అంతే.

దీనికి పరిష్కారం సులువు. జకాత్ పనిని "ప్రతి సంవత్సరం" అని పెట్టకండి. ఈ ఏడాది పని ముగించినట్టు గుర్తు పెట్టే ముందే, హిజ్రీ కేలండరు చూసి వచ్చే ఏడాది తేదీకి కొత్త పని రాసుకోండి. గంటను ఆ తేదీకి పది రోజుల ముందు పెట్టుకోండి. బంగారం, వెండి ధరలు చూసి, దుకాణంలో సరుకు విలువ కట్టి, రావలసిన బాకీలు లెక్క వేసుకోవడానికి ఆ వ్యవధి అవసరం. లెక్కలో సందేహం వస్తే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. ఫోను తేదీ చెబుతుంది కాని మసాయిల్ చెప్పదు.

పెద్ద పనిని మెట్లుగా విడదీయడం

కొన్ని పనులు పేరుకు ఒకటే, లోపల పది ఉంటాయి. ఉదాహరణకు ఫిత్రా. అది ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరాలి. ఆ తరువాత ఇస్తే మామూలు సదఖా అవుతుంది. కాబట్టి ఈ పనిని చివరి నుంచి వెనక్కి లెక్కించాలి. రమజాన్ నెల 29 రోజులకే ముగియవచ్చు, 30 కావచ్చు. చంద్రుడు మన జాబితా చూసి కనబడడు. అందువల్ల పంపిణీ గడువు 28వ ఉపవాసం అని పెట్టుకోవాలి. దానికి ముందు 26 నాటికి సరుకు కొనుగోలు, 24 నాటికి వసూలు ముగింపు, 20 నాటికి మసీదులో ఫిత్రా మొత్తం ప్రకటన, 15 నాటికి కుటుంబాల జాబితా సరిచూడడం. ఒక పెద్ద పని కింద ఈ అయిదు మెట్లను చిన్న పనులుగా రాసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు పెట్టండి. ఈద్ ముందు రాత్రి బియ్యం బస్తాల మధ్య పరుగులు పెట్టే అవస్థ తప్పుతుంది.

విద్యార్థుల స్కాలర్‌షిప్ కూడా అటువంటిదే. దరఖాస్తు చివరి తేదీ ఒక్కటే గుర్తుంచుకుంటే చాలదు. దానికి ముందు ఆదాయ ధ్రువపత్రం కావాలి. బీసీ-ఇ వర్గానికి చెందినవారైతే కుల ధ్రువపత్రం కావాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేసి ఉండాలి. కాలేజీ నుంచి బోనఫైడ్ పత్రం రావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టిన తరువాత కాలేజీవారు దాన్ని ధ్రువీకరించాలి. చాలా కుటుంబాలు దరఖాస్తు పెట్టడంతో పని అయిపోయిందనుకుంటాయి. ధ్రువీకరణ జరగక దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. అందుకే జాబితాలో చివరి మెట్టు "దరఖాస్తు పెట్టాం" కాదు, "కాలేజీ ధ్రువీకరించినట్టు చూశాం" అని ఉండాలి.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో మరో జిల్లా ఉండవచ్చు. ఏ సచివాలయం, ఏ మండలం, ఏ జిల్లా అన్నది పని కిందనే వివరంగా రాసి పెడితే, వెళ్లినవారు తప్పు కార్యాలయం ముందు వరుసలో నిలబడి ఒక రోజు కూలి పోగొట్టుకోకుండా ఉంటారు.

సంఘం తరఫున ఉండే గడువులనూ ఇదే పద్ధతిలో పెట్టుకోవాలి. ఆదాయపు పన్ను చట్టంలో విరాళాల మినహాయింపు కింద నమోదైన సంస్థ, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోగా దాతల వివరాలను నిర్ణీత ఫారంలో దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ. 200 చొప్పున రుసుము పడుతుంది. దాఖలైన తరువాతే దాతకు ధ్రువపత్రం వస్తుంది. ఈ పనికి గంట మే 31న కాదు, ఏప్రిల్ మొదటి వారంలో మోగాలి. దాతలు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలను బ్యాంకు ద్వారా పంపడం అందరికీ మంచిది.

నలుగురి జాబితా

సంఘానికి జాబితా ఒకరి ఫోనులో మాత్రమే ఉంటే అది ఆయన జ్ఞాపకానికి మరో రూపమే. ఆయన ఉమ్రాకు వెళ్లినా, జబ్బు పడినా, ఫోను పోగొట్టుకున్నా పేదవారి పని ఆగిపోతుంది. పంచుకున్న జాబితా ఉంటే ఆయన వదిలిన చోట నుంచి మరొకరు అందుకోవచ్చు. కార్యదర్శి మారినప్పుడు "నాకెవరూ చెప్పలేదు" అన్న మాటకు చోటుండదు.

దీనికి నియమాలు కొద్దిగా చాలు. జాబితాలు మూడు పెట్టండి: వైద్యం, చదువు, జకాత్-రేషన్. ప్రతి జాబితాకు ముగ్గురు నలుగురు కార్యకర్తలకు మించి ప్రవేశం వద్దు. అయిన పనిని వెంటనే టిక్కు పెట్టాలి, చెరిపేయకూడదు. ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత పది నిమిషాలు కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ వారం ఏవి అయ్యాయి? ఏవి గడువు దాటాయి? పేరు లేని పని ఏదైనా ఉందా? గడువు దాటిన పని ఉంటే ముందుగా ఎదురుచూస్తున్న కుటుంబానికి ఫోను చేయాలి. "ఇంకా నాలుగు రోజులు పడుతుంది" అని చెప్పినా వారికి ఊరటే. మౌనం కంటే అది మేలు.

తుఫాను రోజున కాగితమే

ఈ తీరంలో ఉండేవారు ఏ ఆన్‌లైన్ సాధనాన్నీ పూర్తిగా నమ్ముకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఏం జరిగిందో మనం మరవలేదు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. సరిగ్గా అటువంటప్పుడే ఎవరి ఇల్లు పడిపోయింది, ఎవరికి మందులు కావాలి అన్న జాబితా అవసరం.

అందుకని సెప్టెంబరు 15న ఏటా తిరిగి వచ్చే ఒక పని పెట్టుకోండి: "తుఫాను కాగితం అచ్చు వేయాలి." అందులో డయాలసిస్ మీద ఉన్నవారు, ఒంటరి వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు ఉన్న ఇళ్ల సంఖ్యలు, వాటికి బాధ్యులైన కార్యకర్తల పేర్లు, ఫోను నంబర్లు ఉండాలి. రెండు ప్రతులు ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒకటి మసీదు బీరువాలో, ఒకటి కార్యదర్శి ఇంట్లో ఉంచాలి.

ఇంకొక కారణం చేత కూడా కాగితం ప్రతి కావాలి. సేవలు శాశ్వతం కావు. జర్మనీలో పుట్టిన వుండర్‌లిస్ట్ అనే జాబితా సేవను ఎంతోమంది వాడేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది. 2020 మే 6న మూసేసింది. ముందే చెప్పి, జాబితాలను కొత్త సేవలోకి మార్చుకునే వీలు కల్పించారు కాబట్టి గమనించినవారికి నష్టం లేదు. మూడు నెలలకు ఒకసారి జాబితాను అచ్చు తీసి ఫైలులో పెట్టుకునే సంఘానికి అటువంటి వార్త వచ్చినా కంగారు ఉండదు.

పేదవారి గౌరవం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. జాబితా ఎంత వివరంగా ఉంటే పని అంత సులువు. కాని అదే వివరం ఒక కుటుంబం పరువును బజారులో పెట్టగలదు. ఎవరికి జబ్బు, ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదు, ఎవరి కూతురు పెళ్లికి సహాయం అందింది, ఇవన్నీ మన చేతిలో ఉంచిన అమానత్. రహస్యంగా ఇచ్చే దానం మేలైనదని అల్ బఖరా సూరా 271వ ఆయతు చెబుతుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇచ్చేవాడి ఘనత హదీసులో ఉంది. ఆ ఘనతను వాట్సాప్ గ్రూపులో పోగొట్టుకోకూడదు.

కాబట్టి జాబితాలో పేర్లు రాయవద్దు. "కుటుంబం 14" అని సంఖ్య రాయండి. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే పుస్తకం ఒక్కటే, అది బీరువాలో తాళం కింద. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, వైద్య నివేదికల ఫోటోలు జాబితాలో పెట్టవద్దు. జాబితాలో చేరమని పంపే లింకును పెద్ద గ్రూపులో వేయవద్దు. లింకు ఎవరి చేతికి చిక్కితే వారు లోపలికి రాగలరు. కావలసినవారు చేరిన తరువాత కొత్తవారు రాకుండా ఆపే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ టు డూలో ఉంది, దాన్ని వాడండి. బాధ్యత నుంచి తప్పుకున్నవారి పేరును అదే రోజు తొలగించండి. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం రాకముందు నుంచే మనకు అమానత్ అనే నియమం ఉంది.

అల్ బఖరా సూరా 264వ ఆయతు ఇంకా లోతైన మాట చెబుతుంది. చేసిన సహాయాన్ని దెప్పిపొడవడం వల్ల, మనసు నొప్పించడం వల్ల దానం వ్యర్థమైపోతుంది. గుర్తుచేసే గంటల గురించి రాస్తున్న ఈ పాఠంలో ఈ ఆయతును మరవకూడదు. గుర్తు చేయవలసినది ఇచ్చేవారికి, వారి బాధ్యతను. తీసుకున్నవారికి వారు పొందిన సహాయాన్ని కాదు. గంట మన జేబులోనే మోగాలి.

దాతలు ఏం చేయవచ్చు?

ఇదంతా కార్యకర్తల పని కదా, దాతకు ఎందుకు అని కొందరు అనుకోవచ్చు. దాత చెప్పిన మాట కూడా మాటే. "ఆ పిల్లవాడి చదువు నా బాధ్యత" అని నలుగురిలో అన్న మాట మీద సంఘం ఒక కుటుంబానికి హామీ ఇస్తుంది. మూడో నెల డబ్బు రాకపోతే కార్యకర్త దాత ఇంటికి వెళ్లి అడగలేడు, పిల్లవాడి ఇంటికి వెళ్లి చెప్పలేడు. అల్ ఇస్రా సూరా 34వ ఆయతు ప్రకారం వాగ్దానం గురించి ప్రశ్న ఉంటుంది. అది ఇద్దరికీ వర్తిస్తుంది.

కనుక ఈ పాఠం చదివిన ప్రతి దాతనూ ఈ వారంలో అయిదు పనులు చేయమని కోరుతున్నాము.

ఒకటి: మీ ఫోనులో ఏదో ఒక పనుల జాబితా తెరిచి "అమానత్" అనే పేరుతో ఒక పట్టిక పెట్టండి.

రెండు: మీ జకాత్ తేదీని హిజ్రీ లెక్కన చూసి, పది రోజుల ముందు గంటతో రాయండి.

మూడు: ఎవరికైనా ఇస్తానన్న సహాయం ఏదైనా మిగిలి ఉంటే తేదీతో రాయండి. నెలనెలా ఇచ్చేదైతే, జీతం పడే రోజు లేదా దుకాణం లెక్క చూసుకునే రోజు మరునాటికి తిరిగి వచ్చేలా పెట్టండి.

నాలుగు: మీరు తీర్చవలసిన అప్పు, ఇతరుల వస్తువు మీ దగ్గర ఉంటే దాని వివరం, వసీయతు రాయలేదన్న సంగతి, ఈ మూడింటినీ చేర్చండి.

అయిదు: ఆ పట్టిక ఉందని ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పండి. మన తరువాత మన మాట నిలబెట్టేది వారే.

జాబితా మన బదులు ఎవరి ఇంటికీ వెళ్లదు, ఎవరి కన్నీరూ తుడవదు. టిక్కు పెట్టడం కోసం పరుగెత్తి, గడపలో నిలబడి సంచి ఇచ్చి వచ్చేస్తే అది సేవ అనిపించుకోదు. రెండు నిమిషాలు కూర్చుని పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం అడిగి రావాలి. తేదీలు మోసే బరువు ఫోనుకు అప్పగిస్తే, ఆ రెండు నిమిషాలు కూర్చునే తీరిక మన మనసుకు దొరుకుతుంది. ఈ సాధనం నుంచి మనం ఆశించవలసిన లాభం అదే.

మన మాటల్లో నిజాయితీని, మన పనుల్లో క్రమాన్ని, మన దానాల్లో స్వీకారాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. మన తలుపు తట్టడానికి సంకోచించేవారిని మనమే ముందుగా గుర్తుంచుకునే భాగ్యం కలిగించుగాక. ఆమీన్.